బృహద్ధమని ఎందుకు ఉబ్బుతుంది?

సైకిలు షాపులో పంక్చరు వేసేటప్పుడు మీరు గమనించే ఉంటారు. టైరులోంచి ట్యూబు బయటికి లాగి పంపుతో గాలి కొడతారు. ట్యూబు అంతటా ఒకేలా ఉబ్బదు. ఎక్కడ రబ్బరు మెత్తబడిందో అక్కడ బుడగలా లేస్తుంది. ఇంకా కొడితే ఆ బుడగే మరింత పెరుగుతుంది. "ఇక చాలు, పేలుతుంది" అని షాపతను ఆపేస్తాడు.

మన ఒంట్లోనూ ఇలాంటి గొట్టం ఒకటుంది. గుండె ఎడమ జఠరిక నుంచి బయలుదేరి, కొంకిలా వంగి, వెన్నెముక ముందుగా కిందికి దిగుతుంది. బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్ళవైపు పోతుంది. అదే బృహద్ధమని. పొట్టలో దాని వ్యాసం సుమారు 2 సెంటీమీటర్లు. అది 3 సెంటీమీటర్లకు చేరితే ఉబ్బు వచ్చిందంటారు. వైద్యులు దీన్ని ఎన్యూరిజం అంటారు.

ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌కు వచ్చిన జబ్బు ఇదే. 1948లో న్యూయార్కులో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జను ఆయన పొట్ట తెరిచి చూస్తే ఉబ్బిన ధమని కనిపించింది. పాడైన ముక్కను తీసి వేరొకటి కుట్టే పద్ధతి అప్పటికింకా రాలేదు. నిస్సెన్ ఏం చేశాడో తెలుసా? ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టాడు! సెల్లోఫేన్ ఒంటికి పడదు. దాని చుట్టూ మచ్చకట్టినట్టు గట్టి కణజాలం పెరిగి గోడకు దన్నుగా ఉంటుందని ఆయన ఆలోచన. ఐన్‌స్టీన్ మరో ఆరేళ్ళకు పైగా జీవించారు. 1955 ఏప్రిల్‌లో ఉబ్బు పగిలింది. అప్పటికి శస్త్రచికిత్స వచ్చినా ఆయన వద్దన్నారు. 18వ తేదీన, 76 ఏళ్ళ వయసులో మరణించారు.

అసలు గోడ ఎందుకు మెత్తబడుతుంది? ధమని గోడలో ముఖ్యంగా రెండు రకాల పోగులుంటాయి. ఎలాస్టిన్ రబ్బరులా సాగి మళ్ళీ ముడుచుకుంటుంది. కొల్లాజెన్ తాడులా బిగిసి, మరీ సాగకుండా ఆపుతుంది. తమాషా ఏమిటంటే, ఎలాస్టిన్‌ను శరీరం దాదాపు అంతా పుట్టకముందూ చిన్నతనంలోనే తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత కొత్తది పుట్టడం బహు స్వల్పం. ఇప్పుడు మీలో ఉన్న సరుకే ముసలితనం దాకా రావాలన్నమాట! గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకుంటే 65 ఏళ్ళలో ఆ గోడ దాదాపు 240 కోట్ల సార్లు సాగి ముడుచుకోవాలి. పైగా పొట్టలోని భాగంలో ఎలాస్టిన్ ఛాతీలోని భాగంలో కంటే తక్కువ. ఉబ్బు ఎక్కువగా అక్కడే రావడానికి అదొక కారణం.

అందుకే 65 దాటినవారికి ఈ భయం ఎక్కువ. స్త్రీలకంటే పురుషులకు ఎన్నో రెట్లు ఎక్కువ. తండ్రికో అన్నకో ఉంటే జాగ్రత్తపడాలి. అధిక రక్తపోటు, ధమనుల్లో కొవ్వు పేరుకోవడం కూడా గోడను దెబ్బతీస్తాయి. విచిత్రంగా, మధుమేహం ఉన్నవారిలో ఈ ఉబ్బు తక్కువగా కనిపిస్తుంది. అలాగని మధుమేహం మంచిదనుకోకండి, గుండెకూ కళ్ళకూ అది చేసే చెరుపు వేరే ఉంది!

వీటన్నిటినీ మించినది పొగ. ఉబ్బు వచ్చినవాళ్ళలో అత్యధికులు ఎప్పుడో ఒకప్పుడు పొగ తాగినవారే. పొగలోని పదార్థాలు రక్తంలో కలిసి ధమని గోడను రేపుతాయి. అక్కడికి చేరిన తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైములు ఎలాస్టిన్‌ను కొరికేస్తాయి. బీడీ అయినా చుట్ట అయినా పొగ పొగే. ఐన్‌స్టీన్ పైపు లోకప్రసిద్ధం. ఆయన జబ్బుకు అదే కారణమని రుజువు చేయలేం గాని, అనుమానించక తప్పదు.

ఒకసారి ఉబ్బడం మొదలైతే ఇక లెక్క ఎదురు తిరుగుతుంది. గొట్టం గోడ మీద పడే లాగుడు, లోపలి పీడనాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే వస్తుంది. వ్యాసం 2 నుంచి 4 సెంటీమీటర్లయితే రక్తపోటు పెరగకపోయినా లాగుడు రెట్టింపవుతుంది. గోడేమో పలచబడుతుంది. సైకిలు ట్యూబులో బుడగే ఇంకా ఉబ్బడానికి కారణం ఇదే.

ఇంత జరుగుతున్నా మనిషికి సాధారణంగా ఏమీ తెలియదు. నొప్పి లేదు, జ్వరం లేదు. పగిలినప్పుడు మాత్రం పొట్టలోనో నడుములోనో హఠాత్తుగా భరించరాని నొప్పి వస్తుంది. చాలామంది ఆసుపత్రి చేరేలోగానే పోతారు. ముందుగా కనిపెట్టడం మాత్రం సులువు. అల్ట్రాసౌండుతో పొట్ట మీదనుంచే వ్యాసం కొలవవచ్చు. చిన్న ఉబ్బును అప్పుడప్పుడు కొలుస్తూ ఉంటారు. పురుషులలో 5.5 సెంటీమీటర్లకు చేరితే సాధారణంగా శస్త్రచికిత్స సలహా ఇస్తారు. పొగ మానేస్తే చిన్న ఉబ్బు పెరిగే వేగం తగ్గుతుంది.

ఇంగ్లండులో 2009 నుంచి 65 ఏళ్ళు నిండే పురుషులను ఈ పరీక్షకు పిలుస్తున్నారు. అంతకుముందు, 1990ల చివర అక్కడ 65 నుంచి 74 ఏళ్ళవారిని వేలాదిగా పరీక్షిస్తే నూటికి దాదాపు 5 మందిలో ఉబ్బు కనిపించింది. ఇప్పుడు 65 ఏళ్ళవారిలో కనిపించేది నూటికి సుమారు ఒకరిలోనే. వయసులోని తేడాను లెక్కలోకి తీసుకున్నా తగ్గుదల పెద్దదే. ఆ మధ్యకాలంలో కొత్త మందేదీ రాలేదు. పొగ తాగేవాళ్ళు తగ్గారు.