పూండి రాళ్ళ పాఠం

తిరుత్తణి స్వామి దర్శనం చేసుకుని, మనవడితో తిరువళ్ళూరు దగ్గరి పూండి మ్యూజియానికి వెళ్ళాను. సమీపంలోని అత్తిరంపాక్కంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో రాతి పనిముట్లు కనుగొన్నారు. అక్కడి పనిముట్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్ళని 2011లో శాంతి పప్పు బృందం తేల్చింది.

"మనలాంటివాళ్ళే చేశారా తాతా?"

"కాదురా, మన జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్ళే. వీళ్ళు మనకు ముందటి మానవులు."

"మా పుస్తకంలో ఇది లేదే!"

నిజమే. పిల్లలకు భారం తగ్గించాలంటూ ఎన్.సి.ఇ.ఆర్.టి. 2023లో పదో తరగతి పుస్తకంలోంచి పరిణామ పాఠం తీసేసింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం తెలిపారు. పన్నెండులో ఉందిగా అన్నారు. జీవశాస్త్రం తీసుకోని పిల్లల మాటేమిటి?

స్వామికి మొక్కిన చేత్తోనే ఆ రాళ్ళు చూపించాను. భక్తికి లోటు రాలేదు. బడిలో లేని పాఠం ఇంట్లో మనమే చెప్పుకుందాం.