కాలికి గాలి చేసే సాయం: యాంగోన్ కార్లలో గట్టిపడే బ్రేకు

తెలుగువారు ఒకప్పుడు రంగం అని పిలుచుకున్న యాంగోన్‌లో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. 1970 డిసెంబరులో, నే విన్ పాలనలో, బర్మా అంతటా ఎడమ నుంచి కుడికి ఈ మార్పు జరిగింది. రోడ్డు మారింది గాని కార్లు మారలేదు. జపాన్‌లో కొన్నేళ్ళు తిరిగి వచ్చిన పాత కార్లే ఆ నగరంలో ఎక్కువ. వాటి స్టీరింగ్ కుడిపక్కనే ఉంటుంది. కాబట్టి డ్రైవరు రోడ్డు అంచువైపు కూర్చుంటాడు. ముందున్న బస్సును దాటాలంటే బండిని సగం బయటికి తీస్తే గాని ఎదురుగా ఏమి వస్తున్నదో అతనికి కనబడదు. తీసిన తరవాత లారీ కనబడితే దిక్కు ఒక్క బ్రేకే. ఆ క్షణాన పెడలు రాయిలా కాలికి ఎదురు నిలవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

2011లో అక్కడి ప్రభుత్వం నలభై ఏళ్ళు దాటిన బండ్లను అప్పగించినవారికి దిగుమతి అనుమతులు ఇచ్చింది. అప్పటినుంచి ప్రోబాక్స్, ఫిట్, విష్ వంటి జపాను కార్లు పెద్దయెత్తున వచ్చాయి. వాటిలో చాలావాటి వయసు ఇప్పుడు ఇరవయ్యేళ్ళకు అటూఇటూగా ఉంటుంది. అన్నేళ్ళకు ఇనుము నిలుస్తుంది, రబ్బరు నిలవదు. గట్టిపడిన పెడలు చాలాసార్లు రబ్బరు కథే.

ముందుగా ఒక భేదం గమనించాలి. పెడలు మెత్తగా, స్పాంజిలా దిగితే బ్రేకు ఆయిల్‌లో గాలి చేరిందని అనుమానించాలి. తొక్కి ఉంచినప్పుడు మెల్లగా కిందికి జారిపోతూంటే మాస్టర్ సిలిండరును చూడాలి. అసలు దిగనని మొరాయిస్తే ఆ రెండూ కాక, కాలికి అందవలసిన సాయం అందడంలేదని అర్థం. ఈ తేడా గమనించకుండా ఆయిల్ మార్చి, ప్యాడ్లు మార్చి, చివరికి మాస్టర్ సిలిండరు కూడా మార్చి డబ్బు పోగొట్టుకునేవారు తక్కువేమీ కాదు.

ఆ సాయం చేసేది గాలి. పెడలుకూ మాస్టర్ సిలిండరుకూ మధ్య గుండ్రని రేకు డబ్బా ఒకటి ఉంటుంది; అదే బూస్టరు. దాని లోపల రబ్బరు డయాఫ్రం డబ్బాను రెండు గదులుగా విడదీస్తుంది. పెట్రోల్ ఇంజన్ తన ఇన్‌టేక్ మానిఫోల్డు ద్వారా ఆ గదులలోని గాలిని పీల్చేస్తూ ఉంటుంది. పెడలు తొక్కగానే వెనుక గదిలోకి బయటి గాలి ప్రవేశిస్తుంది, ముందు గదిలో వాక్యూమ్ అలాగే ఉంటుంది. ఈ వ్యత్యాసమే డయాఫ్రంను ముందుకు తోస్తుంది. 23 సెంటీమీటర్ల వ్యాసమున్న డయాఫ్రం వైశాల్యం సుమారు 415 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 0.65 కిలోల వ్యత్యాసం ఉంటే మొత్తం తోపు 270 కిలోల బరువుకు సమానం. అది లేనప్పుడు ఆ పనంతా ఒక్క కాలే చేయాలి. డీజిల్ ఇంజన్లకు ఇంతటి వాక్యూమ్ సహజంగా ఉండదు గనుక వాటికి వేరే పంపు ఉంటుంది. పాత టయోటా డీజిల్ పికప్పులలో అది ఆల్టర్నేటర్ వెనుకనే అమర్చి ఉంటుంది. ప్రియస్ వంటి హైబ్రిడ్లలో ఈ డబ్బాయే లేదు, కాబట్టి కింది పరీక్షలు వాటికి వర్తించవు.

ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు. ఇంజన్ ఆపి పెడలును ఐదారుసార్లు తొక్కితే నిలవ ఉన్న వాక్యూమ్ ఖాళీ అయి పెడలు గట్టిపడుతుంది, అది సహజమే. కాలు దాని మీద అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పెడలు కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే సాయం అందడంలేదు. తరవాత ఇంజన్‌ను రెండు నిమిషాలు నడిపి, ఆపి, తొక్కి చూడాలి. మొదటిసారి లోతుగా దిగి, రెండు మూడుసార్లకు పైకి వస్తే మంచిది. మొదటినుంచే గట్టిగా ఉంటే వాక్యూమ్ నిలవడంలేదు. చివరగా, ఇంజన్ నడుస్తుండగా పెడలు తొక్కిపట్టి, అలాగే ఇంజన్ ఆపి అర నిమిషం ఆగాలి. ఆలోగా పెడలు కాలిని పైకి నెడితే బూస్టరులో లీకు ఉన్నట్టే. పెడలు దగ్గర బుస్సుమనే శబ్దం వినిపిస్తే డయాఫ్రం చిరిగి ఉండవచ్చు.

లోపం ఇంజన్‌దా బూస్టరుదా అన్నది తేల్చేది వాక్యూమ్ గేజ్. బూస్టరుకు వచ్చే గొట్టం చివర గేజ్ పెట్టినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో పాదరసం 450 నుంచి 550 మిల్లీమీటర్లు చూపాలి. ఇది సముద్రమట్టపు లెక్క. 1,400 మీటర్ల ఎత్తున ఉన్న టౌంజీలో గాలి ఒత్తిడే తక్కువ. అక్కడ నూరు మిల్లీమీటర్లు తగ్గితే ఇంజన్‌ను తప్పుపట్టకూడదు. గొట్టం చివర తక్కువగా ఉండి మానిఫోల్డు దగ్గర సరిగా ఉంటే తప్పు గొట్టానిదీ, దానిలోని చెక్ వాల్వుదీ. రెండుచోట్లా తక్కువైతే ఇంజన్ ఎక్కడో గాలి పీలుస్తున్నది. సీఎన్‌జీకి మార్చిన టాక్సీలలో కిట్ కోసం మానిఫోల్డుకు వేసిన రంధ్రాలను, చిన్న గొట్టాలను ముందుగా చూడాలి. ఐడిల్ కూడా నిలకడగా లేకపోతే ఈ అనుమానం బలపడుతుంది.

గొట్టం మార్చేటప్పుడు చేతికందిన నీటి గొట్టమో పెట్రోల్ గొట్టమో వేయడం పెద్ద పొరపాటు. ఇంజన్ వేడికి మెత్తబడి, లోపలి పీల్పుకు అది అణగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు చూస్తే మాత్రం చక్కగానే కనిపిస్తుంది. వాక్యూమ్‌కు తగిన గొట్టమే వేయాలి. చెక్ వాల్వు మీది బాణం ఇంజన్ వైపు చూడాలి.

గేజ్ సరిగా చూపి పరీక్షలు తప్పితే బూస్టరు మార్చక తప్పదు. మాస్టర్ సిలిండరు విప్పినప్పుడు వెనుక తడి కనిపిస్తే, అక్కడినుంచి కారిన బ్రేకు ఆయిలే డయాఫ్రంను పాడుచేసి ఉంటుంది. ఒకదాన్నే మారిస్తే కొత్తదానికీ అదే గతి. పాత కారు నుంచి తీసిన బూస్టరు చవకే, కాని దాని రబ్బరు వయసూ అంతే. ఇక పరీక్షలన్నీ నెగ్గినా బండి ఆగకపోతే చక్రాల దగ్గరికి వెళ్ళాలి: గాజులా నునుపెక్కిన ప్యాడ్లు, తుప్పుపట్టి బిగుసుకున్న క్యాలిపరు పిస్టన్లు, లోపల పూడుకుపోయిన బ్రేకు గొట్టాలు.

దారిలోనే పెడలు గట్టిపడితే బ్రేకు పూర్తిగా పోలేదని గుర్తుంచుకోవాలి. పదేపదే తొక్కితే మిగిలిన కాస్త వాక్యూమ్ కూడా ఖర్చవుతుంది. రెండు కాళ్ళతో ఒక్కసారిగా బలంగా తొక్కిపట్టి, గేరు తగ్గించాలి. పెట్రోల్ ఆదా అవుతుందని దిగుడులో ఇంజన్ ఆపేవారు ఈ సాయాన్ని చేతులారా వదులుకుంటున్నారు.

కొత్త బూస్టరు బిగించాక దాని పుష్‌రాడ్ పొడవు సరిచూడాలి. ఎక్కువైతే బ్రేకులు పూర్తిగా వదలవు. కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కొక్క చక్రం దగ్గర అరచేయి పెట్టి చూస్తే, పట్టి ఉన్న బ్రేకు వేడి తాకకుండానే తెలుస్తుంది.