కొత్త నగరంలో టీచరు ఉద్యోగం: బస్సెక్కే ముందు తెలుసుకోవలసినవి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు కవిత రాద్దామా అనుకున్నాను. కానీ ఈ మధ్య మన హాస్టల్ తమ్ముళ్లు ముగ్గురు వేర్వేరుగా ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, చదువు అయిపోతోంది. హైదరాబాద్ వస్తే టీచరు ఉద్యోగం దొరుకుతుందా?" ఆ ముగ్గురికి చెప్పిన జవాబునే అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

దొరుకుతుంది. హైదరాబాద్‌లో గల్లీకొక ప్రైవేటు స్కూలు, మెయిన్ రోడ్డుకు పది జూనియర్ కాలేజీలు ఉన్నాయి. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పేవారి కోసం ప్రతి సంవత్సరం వెతుకుతూనే ఉంటారు. అయితే ఎలాంటి ఉద్యోగం దొరుకుతుంది, దానికోసం మనం ఏం పోగొట్టుకుంటాం అన్నది మన సర్టిఫికెట్ల మీద, వాటిని మనం ఎంత జాగ్రత్తగా పెట్టుకుంటాం అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. నేను ఈ విషయం ఒక సంవత్సరం నష్టపోయి నేర్చుకున్నాను. మీరు చదివి నేర్చుకుంటే చాలు.

ఏ చదువుకు ఏ ఉద్యోగం?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ తర్వాత 1 నుంచి 8 తరగతుల వరకు బోధించేవారికి టెట్ తప్పనిసరి అయింది. 1 నుంచి 5 తరగతులకు పేపర్ 1, 6 నుంచి 8 తరగతులకు పేపర్ 2. ఒక్కొక్కటి 150 మార్కులకు ఉంటుంది. మన రాష్ట్రంలో ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 మార్కులు వస్తే అర్హత వచ్చినట్టే. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుందని 2021లో కేంద్రం ప్రకటించింది. ఏడాదికి రెండుసార్లు టెట్ పెట్టాలని మన ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. కాబట్టి 60 వచ్చింది కదా అని ఊరుకోకుండా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం మంచిది.

బీఈడీ చేస్తే ఏ తరగతికైనా చెప్పవచ్చని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు బీఈడీ సరిపోదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఆ పోస్టులకు డీఎడ్ చేసినవారే అర్హులు. హైస్కూలుకు డిగ్రీతో పాటు బీఈడీ ఉండాలి. జూనియర్ కాలేజీ లెక్చరర్‌కు సంబంధిత సబ్జెక్టులో కనీసం 50 శాతం మార్కులతో పీజీ కావాలి. డిగ్రీ కాలేజీకి 55 శాతం మార్కులతో పీజీ, దానితో పాటు నెట్ లేదా సెట్ అడుగుతారు. ఎస్సీ, ఎస్టీలకు మార్కులలో 5 శాతం సడలింపు ఉంది.

నా దగ్గర ఎమ్మెస్సీ మ్యాథ్స్ మాత్రమే ఉంది, బీఈడీ లేదు. మరి నేను వెళ్లవలసింది జూనియర్ కాలేజీలకు. అది తెలియక మొదటి పది రోజులు స్కూళ్ల చుట్టూ తిరిగాను.

నగరంలో ఉంటే లోకల్ అవుతామా?

ఇది చాలామందికి ఉన్న అపోహ. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్, ఎస్జీటీ పోస్టులు జిల్లా పోస్టులు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం పోస్టులు ఆ జిల్లా స్థానికులకే. ఎవరు స్థానికులు అన్నది 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కువ సంవత్సరాలు ఎక్కడ చదివారో చూసి నిర్ణయిస్తారు. హైదరాబాద్‌లో పదేళ్లు అద్దెకున్నా మనం అక్కడ లోకల్ కాము. మన పోటీ మన సొంత జిల్లాలోనే.

మన హాస్టల్ పిల్లలు ఇక్కడ ఒక లెక్క చూసుకోవాలి. 4వ తరగతి వరకు ఊళ్లో చదివి, 5 నుంచి వేరే జిల్లాలోని హాస్టల్‌కో గురుకులానికో వెళ్లినవారికి ఏడింట నాలుగేళ్లు సొంత జిల్లాలోనే ఉంటాయి. కనుక సొంత జిల్లాకే లోకల్. 3వ తరగతి నుంచే బయటి జిల్లాలో చదివితే లెక్క మారిపోతుంది. అందువల్ల నగరానికి బయలుదేరే ముందే ఊరి బడి హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి స్టడీ సర్టిఫికెట్లు తీసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక నగరం నుంచి పరుగెత్తుకుంటూ వస్తే బడికి సెలవో, సార్ ట్రాన్స్‌ఫరో అయి ఉంటుంది. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం కూడా అప్పుడే మీసేవలో తీసుకుని పెట్టుకోండి.

ఎప్పుడు వెళ్లాలి? ఎక్కడ వెతకాలి?

మన రాష్ట్రంలో జూనియర్ కాలేజీలు జూన్ మొదట్లో, స్కూళ్లు జూన్ 12న తెరుస్తారు. యాజమాన్యాలు ఏప్రిల్, మే నెలల్లోనే టీచర్లను తీసుకుంటాయి. నేను జూన్ రెండో వారంలో వెళ్లాను. అప్పటికే మంచి చోట్లు నిండిపోయాయి. ఒకవేళ ఆలస్యమైనా నిరాశ పడవద్దు. దసరా సెలవుల తర్వాత, సంక్రాంతి తర్వాత కొందరు మానేస్తారు. సిలబస్ మధ్యలో ఆగిపోతుంది కాబట్టి అప్పుడు తొందరగా తీసుకుంటారు.

ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి హైదరాబాద్ ఎడిషన్లలో చిన్న ప్రకటనలు చూడండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో అన్ని పేపర్లూ ఒకేచోట చూడవచ్చు. ఉద్యోగాలకు చదివేవారు అక్కడ వందల్లో ఉంటారు, వారితో మాట్లాడితే ఖాళీల సంగతులు తెలుస్తాయి. అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం నడక. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ లాంటి ఒక ప్రాంతాన్ని ఎంచుకుని, బయోడేటా కాపీలు ఇరవై పట్టుకుని, ఒక్కొక్క స్కూలు, కాలేజీ గేటు దగ్గర అడుగుతూ పోవాలి. పొద్దున ప్రేయర్ టైములో వెళితే ఎవరూ పట్టించుకోరు. మధ్యాహ్నం మూడు తర్వాత ప్రిన్సిపాల్‌కు కొంచెం తీరిక ఉంటుంది. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

డెమో క్లాసు

ఇంటర్వ్యూలో అడిగేది తక్కువ. పదిహేను, ఇరవై నిమిషాలు డెమో చెప్పమంటారు. మనవాళ్లు ఇక్కడే భయపడతారు, ముఖ్యంగా ఇంగ్లీషు గురించి. ఇంగ్లీషు ముఖ్యమే. కానీ చెప్పే పాఠానికి కావలసిన ఇరవై, ముప్పై వాక్యాలు ముందే గట్టిగా చెప్పి అలవాటు చేసుకుంటే గట్టెక్కవచ్చు. బోర్డు మీద అక్షరాలు చివరి బెంచీకి కనపడాలి. బోర్డు వైపే చూస్తూ మాట్లాడకూడదు. మధ్యలో పిల్లలను రెండు ప్రశ్నలైనా అడగాలి.

ఒక స్కూల్లో నాకు 8వ తరగతి డెమో ఇచ్చారు. ఒక పిల్లవాడు లేచి "సార్, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకైతది?" అని అడిగాడు. రూల్ అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మన హాస్టల్ స్టడీ అవర్‌లో ఇదే ప్రశ్న ఒక తమ్ముడు నన్ను అడిగి ఉన్నాడు. అప్పుడు చెప్పిందే బోర్డు మీద రాశాను. 3×(-2) అంటే -6. 2×(-2) అంటే -4. 1×(-2) అంటే -2. 0×(-2) అంటే 0. ఎడమ పక్క సంఖ్య ఒకటి తగ్గినప్పుడల్లా జవాబు రెండు పెరుగుతోంది. మరి దాని తర్వాత (-1)×(-2) ఎంత కావాలి? క్లాసంతా "ప్లస్ టూ" అని అరిచింది. వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ మేడం నవ్వారు.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. "బాగా చెప్పారు, బీఈడీ ఉందా?" అని అడిగారు, లేదన్నాను. డెమో, సర్టిఫికెట్ రెండూ ఉండాలని ఆ రోజు అర్థమైంది. అయినా స్టడీ అవర్‌లో జూనియర్లకు చెప్పిన లెక్కలు వృథా పోవని కూడా అర్థమైంది. ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు దీన్ని గమనించాలి.

ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వవద్దు

తర్వాత ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నెలకు 16 వేలకు తీసుకున్నారు. చేరే రోజు టెన్త్ మెమో నుంచి పీజీ వరకు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ, టీసీతో సహా, ఆఫీసులో ఇవ్వమన్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. ఇలా ఇవ్వవచ్చా అని అడగడానికి ఎవరూ లేరు. నాన్నకు ఫోన్ చేస్తే, "పెద్ద కాలేజీ గదా, అడిగితే ఇయ్యాలె గావచ్చు బిడ్డా" అన్నాడు. ఇచ్చేశాను. రసీదు కూడా అడగలేదు.

అంతకుముందే ఎడ్‌సెట్ రాసి ఉన్నాను. 2025 ఆగస్టులో బీఈడీ సీటు అలాట్ అయింది. కాలేజీలో రిపోర్ట్ చేయడానికి టీసీ, ఒరిజినల్స్ కావాలి. వెళ్లి అడిగితే, "సంవత్సరం మధ్యలో మానేస్తే రెండు నెలల జీతం కట్టి తీసుకెళ్లు" అన్నారు. 32 వేలు నా దగ్గర లేవు, నాన్న దగ్గర అసలు లేవు. నాలుగు రోజులు తిరిగాను. గడువు అయిపోయింది, సీటు పోయింది. బీఈడీ రెండేళ్ల కోర్సు. ఒక సంవత్సరం ఆలస్యమైతే ఆ తర్వాత రాయవలసిన టెట్, డీఎస్సీ అన్నీ వెనక్కు జరుగుతాయి. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు వచ్చింది. అంత పెద్ద నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. వచ్చిన రోజు మన చేతిలో అర్హత ఉండాలి.

కావున మనవి. ఒరిజినల్స్ చూపించండి, వాళ్ల ఎదుటే జిరాక్సుతో సరిచూసుకోనివ్వండి, తిరిగి బ్యాగులో పెట్టుకోండి. ఇవ్వకపోతే ఉద్యోగం లేదంటే ఆ ఉద్యోగం వదులుకోండి. అన్నీ స్కాన్ చేసి మీ మెయిల్‌లో పెట్టుకోండి. ఖాళీ కాగితం మీద, చదవని బాండు మీద సంతకం పెట్టవద్దు.

చేరేముందు అడగవలసినవి

జీతం పన్నెండు నెలలకా, పది నెలలకా? చాలాచోట్ల వేసవి సెలవులకు ఇవ్వరు. బ్యాంకులో వేస్తారా? పీఎఫ్ ఉందా? 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. రోజుకు ఎన్ని పీరియడ్లు? రాత్రి స్టడీ అవర్లు ఉంటాయా? వేసవిలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారా? ఇవి అడగడం తప్పు కాదు. అడగడానికి మొహమాటపడితే ఆ మొహమాటం ఖరీదు మనమే కట్టాలి.

నేను మార్చిలో సంవత్సరం పూర్తి చేసి, సర్టిఫికెట్లు తీసుకుని బయటికి వచ్చాను. ఇప్పుడు వేరే కాలేజీలో చెబుతున్నాను. ఇక్కడ జిరాక్సులు మాత్రమే ఇచ్చాను. బీఈడీకి మళ్లీ ప్రయత్నిస్తున్నాను.

చివరగా పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మన హాస్టల్లో చదివి హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నవారు చాలామంది ఉన్నారు. మీ ఫోన్ నంబర్లు వార్డెన్ సార్ దగ్గర ఒక రిజిస్టరులో రాయించండి. కొత్తగా ఎంజీబీఎస్‌లో దిగే తమ్ముడికి రెండు రాత్రులు పడుకోవడానికి చోటు, "ఈ కాగితం ఇవ్వవచ్చా అన్నా" అని అడగడానికి ఒక నంబరు ఉంటే చాలు. ఆ రోజు నాకు అలాంటి నంబరు ఒక్కటి ఉన్నా ఈ సంవత్సరం బీఈడీ రెండో సంవత్సరంలోకి వెళ్లేవాణ్ని. ఆ రిజిస్టరులో మొదటి పేరు నాదే రాయమని సార్‌కు చెప్పాను.