పల్నాటి ఎండలో ఫ్లాట్ కుందేలు: ముందు చూడాల్సిన అంకె 30

వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినపడని ఏడాది అరుదు. మే నెలలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటితే పల్నాడులో ఎవరూ ఆశ్చర్యపోరు. కుందేలుకు హాయిగా ఉండేది మాత్రం 15 నుంచి 21 డిగ్రీల మధ్య. 30 దాటితే వడదెబ్బ భయం మొదలవుతుంది. నరసరావుపేటలోనో మాచర్లలోనో ఫ్లాట్‌లో కుందేలును స్వేచ్ఛగా వదిలి పెంచాలనుకునేవాళ్లు జాగా ఎంతుండాలి, బొమ్మలేం కొనాలి అని ఆలోచిస్తారు. నేనైతే ముందు థర్మామీటర్ కొనమంటాను. దాన్ని నేలకు జానెడు ఎత్తులో తగిలించాలి, కుందేలు ఉండేది అక్కడే కదా.

కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల్లోంచే బయటికి పంపుతుంది. దాని ఒంటి వేడి మామూలుగానే 38.5 నుంచి 40 డిగ్రీలు. గది కూడా అంత కాగితే ఆ చెవులు చేయగలిగింది ఏమీ లేదు. పై అంతస్తులో అయితే పగలంతా కాగిన శ్లాబు రాత్రి కూడా సెగ కక్కుతుంది. పొడి ఎండలో కూలర్ బాగానే ఆదుకుంటుంది. ఉక్కపోత మొదలయ్యాక దాని పస తగ్గుతుంది, అప్పుడు ఏసీ తప్పదు. కరెంటు పోయే వేళకు రెండు సీసాల నీళ్లు గడ్డకట్టించి ఉంచుకుని, గుడ్డ చుట్టి దగ్గర పెడితే వాటికి ఆనుకుని పడుకుంటుంది. నోరు తెరిచి రొప్పుతుంటే చెవులను తడిగుడ్డతో తుడుస్తూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. చన్నీళ్లలో ముంచితే ఆ అదురుకే ప్రాణం పోవచ్చు.

మన వైపు నాపరాయి నేల చల్లగా ఉండి మేలు చేస్తుంది. కానీ కుందేలు అరికాళ్లకు మెత్తలుండవు, వెంట్రుకలే ఉంటాయి. నున్నటి రాయి మీద జారి నడుము పట్టుకుంటుంది, మడమలు పుండ్లు పడతాయి. సగం నేలైనా తుంగచాపలు పరిస్తే సరి, కొరికినా నష్టం లేదు.

జాగాకు కొదవేం ఉండదు. ఒక జతకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు జాగా ఉండాలని బ్రిటన్‌లోని కుందేళ్ల సంక్షేమ సంస్థ చెబుతుంది. మామూలు హాలే అంతకంటే పెద్దది. చిక్కంతా వైర్లతోనే. కుందేలుకున్న 28 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లయితే వారానికి 2, 3 మిల్లీమీటర్లు. ఛార్జర్ తీగ వాటికి దొరికితే మిగలదు.

ఆ పళ్లు అరగాలన్నా పేగులు కదలాలన్నా తిండిలో 80 శాతం పైగా గడ్డే ఉండాలి. వరిగడ్డిలో సత్తువ తక్కువ, పరుపుగా వేయడానికి పనికొస్తుంది. గరిక, నేపియర్ గడ్డి నీడన ఆరబెట్టి ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. ఒక్క జాగ్రత్త: మిరప, పత్తి చేల గట్ల మీద కోసిన గడ్డి ఎంత పచ్చగా ఉన్నా తేవద్దు. అక్కడ కొట్టే పురుగుమందుల సంగతి పల్నాటి రైతుకు చెప్పాలా! పెల్లెట్లు కిలో బరువుకు 25 గ్రాములు చాలు. క్యారెట్ తీపి వస్తువు, చిన్న ముక్క ఇస్తే చాలు. నీళ్లు కిలోకు 50 నుంచి 150 మిల్లీలీటర్లు తాగుతుంది, వేసవిలో గిన్నె ఎండనీయకూడదు.

ఆరోగ్యం ఎలా ఉందో పెంటికలు చెబుతాయి. రోజుకు 200 నుంచి 300 వేస్తుంది. అవి చిన్నవైనా, తగ్గినా పొట్టలో ఏదో తేడా వచ్చినట్టే. 12 గంటలు ఏమీ తినకపోతే తెల్లవారేదాకా ఆగొద్దు. మెత్తటి పెంటికలను తనే తింటుంటే మాత్రం చూసి అసహ్యించుకోకండి, బి విటమిన్లు వాటిలోంచే అందుతాయి.

ఆడ, మగ కలిపి తెస్తే 31 రోజులకు పిల్లలు. ఈనిన రోజే మళ్లీ చూలు నిలవగలదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో నాలుగేళ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ ఎక్కువ. పదేళ్లు బతికే ప్రాణి కాబట్టి ఆపరేషన్ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. చేలో దొరికిన చెవులపిల్లిని మాత్రం ఇంటికి తేవద్దు. అది వేరే జాతి, 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నది.

మందుల షాపులో అడిగి అమాక్సిసిల్లిన్ నోట్లో పోయొద్దు, పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి కుందేలు ప్రాణం మీదికి వస్తుంది. కుందేళ్లను చూసిన అనుభవమున్న పశువైద్యుణ్ని ఇప్పుడే వెతికి పెట్టుకోండి. దగ్గర్లో లేకపోతే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఆపరేషన్‌కు ముందు రాత్రి కుక్కను పస్తుంచినట్టు కుందేలునూ ఉంచమని ఎవరైనా చెబితే, అక్కడ చేయించకండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి కడుపు ఖాళీగా ఉండటమే ప్రమాదం.