కట్టడమునకు ముందు నేల లెక్క

బావి త్రవ్వదలచిన రైతు మొదట నేల వాలు చూచును. ప్రక్క బావులలోని ఊట చూచును. పొరుగువానికి నష్టము కలుగునేమోయని పెద్దల నడుగును. పట్టణములలో పెద్ద కట్టడములు లేపువారును ఇట్టి విచారణయే చేయవలెను. దీనినే పర్యావరణ ప్రభావ పరిశీలన యందురు. దీని రీతి తెలియుటకు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు నేలను దృష్టాంతముగా గైకొందము.

ఈ విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడెను. అడిక్‌మెట్టు ప్రాంతమున దీనికి విశాలమైన భూమి నిచ్చిరి. ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభింపబడెను. నాడు ఊరి వెలుపల నుండిన స్థలము నేడు ఊరి నడుమ నున్నది. ప్రక్కనే తార్నాక: సికిందరాబాదునుండి ఉప్పలునకు పోవు రాజబాట, ఎడతెగని బండ్లు, 2017 నవంబరులో తెఱచిన మెట్రో రైలు మార్గము. ఆ బాట దిగి ఆవరణములో కాలిడినచో బండలు, ఎఱ్ఱనేల, చెట్ల నీడ.

2015 మే నెలలో అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావుగారు ఈ భూమిలో 11 ఎకరములు తీసికొని బీదలకు ఇండ్లు కట్టింతుమని ప్రకటించిరి. విద్యార్థులు ప్రతిఘటించిరి. వానకు తడియు గుడిసెవానికి ఇల్లు కావలెననుట న్యాయమే. విద్యకై ఇచ్చిన నేల విద్యకే యుండవలెననుటయు న్యాయమే. తీర్పు చెప్పుట మా పని కాదు. అయితే ఇట్టి తగవు తీర్చుటకు ముందు వేయవలసిన లెక్క యొకటి కలదు.

మొదటిది నీటి లెక్క. ఒక అంగుళము వాన ఒక ఎకరముపై కురిసిన సుమారు 1 లక్ష 3 వేల లీటర్ల నీరగును. 11 ఎకరములపై 11 లక్షల లీటర్లకు మించును. ఒక డబ్బా నీరు గడ్డి మొలచిన ఎఱ్ఱనేలపై పోసి చూడుడు. మఱియొక డబ్బా సిమెంటు గచ్చుపై పోసి చూడుడు. మొదటిదానిలో చాలవఱకు ఇంకును, రెండవది పరుగెత్తును. కప్పిన నేలనుండి పరుగెత్తిన నీరు పల్లపు బస్తీలను ముంచి, మురుగుతో కూడి తుదకు మూసీలో పడును.

రెండవది చెట్ల లెక్క: ఎన్ని పోవును, వాని నీడ పోయిన ఎండ ఎంత హెచ్చును? మూడవది మనుష్యుల లెక్క: క్రొత్తగా వచ్చు కుటుంబములకు త్రాగునీరెక్కడిది, మురుగు ఎటు పోవును? నాలుగవది, ఇదే పనికి తగిన వేఱు చోటు కలదా?

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారము 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడములకు పర్యావరణానుమతి ముందుగా పొందవలెను. గనులు మున్నగువానికి 30 దినముల నోటీసుతో బహిరంగ విచారణ విధించిరి. ఇండ్ల కట్టడములకు మాత్రము అది లేదు. కావున ప్రజలు తామే ముందుగా అడుగవలసియున్నది.

ఆలస్యమైన నేమగునో నగరపు పడమటి కొనను చూచితిమి. హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరములలో 2025 మార్చి చివర యంత్రములతో చెట్లు కొట్ట నారంభించిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని నాపి, ప్రభావ పరిశీలన పత్రము పొందితిరాయని ప్రభుత్వము నడిగెను. అప్పటికే కూలిన చెట్లు కోర్టు ఉత్తరువుతో లేచి నిలువవు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నట్లయ్యెను.

పట్టణపు తగవుతో పల్లెకేమి పనియని యనకుడు. నగరపు మురుగు కలిసిన మూసీ నీటితోనే దిగువ రైతులు వరియు పశుగ్రాసమును పండించుచున్నారు. మఱియు పట్టణము ఏటేట మన పొలముల దిక్కునకే సాగుచున్నది. మీ గ్రామమున పొలములు ప్లాట్లగునపుడు, చెఱువునకు వచ్చు వాగు ఏ సర్వే నంబరులో పాఱుచున్నదో, దానిపై ఏమి కట్టుదురో గ్రామసభలో అడుగుడు. నోటిమాటతో విడువక, వ్రాతమూలకముగా అర్జీ యిచ్చి రసీదు పుచ్చుకొనుడు. ఒక్కరుగా వెళ్లుటకంటె సంఘముగా వెళ్లుట మేలు. పునాది రాయి పడకమునుపు అడిగిన ప్రశ్నకే ఎక్కువ ఫలమని మా నమ్మకము.