విమానంలో కమురు వాసన వస్తే

2022 అక్టోబర్ 12 రాత్రి గోవా నుంచి వస్తున్న స్పైస్‌జెట్ విమానం శంషాబాద్‌లో దిగబోతుండగా క్యాబిన్‌లోనూ, కాక్‌పిట్‌లోనూ పొగ కమ్ముకుంది. లోపల 86 మంది ప్రయాణికులున్నారు. పైలట్లు ఎమర్జెన్సీ ప్రకటించి విమానాన్ని క్షేమంగా దించారు. హడావిడిగా దిగుతున్నప్పుడు ఒకరి కాలు గీరుకుపోయింది, అంతే. ఆ కాసేపూ శంషాబాద్ రావలసిన తొమ్మిది విమానాలను దారి మళ్లించారు.

పొగ ఎక్కడిది? చాలా విమానాల్లో మనం పీల్చే గాలి ఇంజిన్ నుంచే వస్తుంది. ఇంజిన్ ఒత్తిన గాలిలో కొంత మళ్లించి, చల్లార్చి లోపలికి వదులుతారు. ఇంజిన్‌లో చమురు కారితే అది కూడా ఆ గాలితో పాటు ఏసీలోకి చేరుతుంది. గోవా విమానంలో జరిగింది ఇదేనని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రాథమిక పరిశీలనలో తేలింది. స్పైస్‌జెట్ అప్పుడు నడుపుతున్న ఇదే రకం 14 క్యూ400 విమానాల 28 ఇంజిన్ల చమురు నమూనాలను 15 రోజులకోసారి ఇంజిన్ తయారీ సంస్థ ప్రాట్ అండ్ విట్నీ కెనడాకు పంపాలని, లోహపు రజను, కార్బన్ సీల్ రేణువులు ఉన్నాయేమో పరీక్ష చేయించాలని ఆదేశించింది. అదే ఏడాది జూలైలో ఢిల్లీ నుంచి జబల్‌పూర్ బయల్దేరిన స్పైస్‌జెట్ విమానం కూడా పొగ వల్లే వెనక్కి తిరిగింది.

చమురు పొగది మురికి సాక్సుల కంపు అని సిబ్బంది చెబుతారు. ప్లాస్టిక్, రబ్బరు కాలిన ఘాటు వస్తే మాత్రం అనుమానం కరెంటు మీదికి పోతుంది. భయపడాల్సింది దీనికే, ఎందుకంటే నిప్పు గోడ వెనక కనిపించకుండా ఉంటుంది. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా వెళ్తున్న స్విస్‌ఎయిర్ 111లో పైలట్లకు మొదట తెలిసింది వాసనే. కాక్‌పిట్ పైకప్పులో వైర్ల నుంచి నిప్పురవ్వలు లేచి ఇన్సులేషన్ అంటుకుంది. సుమారు 20 నిమిషాల్లో విమానం కెనడా తీరంలో సముద్రంలో కూలి 229 మంది చనిపోయారు. అందుకే ఇప్పుడు పైలట్లు వాసన మూలం వెతుక్కుంటూ కూర్చోరు. ముందు ఆక్సిజన్ మాస్కు తగిలించుకుంటారు, అనుమానం ఉన్న పరికరాల కరెంటు ఆపేస్తారు, దగ్గర్లోని విమానాశ్రయం వైపు తిరుగుతారు. సిబ్బంది టాయిలెట్లు, ఓవెన్లు, సామాను అరలు చూస్తారు; గోడలు వేడెక్కాయేమో చేతి వెనకభాగంతో తాకి చూస్తారు.

చాలామందికి తెలియనిది ఒకటుంది. పొగ వచ్చిందని ప్రయాణికుల తల మీది మాస్కులు దించరు. అవి క్యాబిన్ గాలిని కూడా కలిపి ఇస్తాయి కాబట్టి పొగనూ పీల్చేలా చేస్తాయి. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని కిందికి వంగి ఉండటమే మేలు. అలాగని తెల్లగా కనిపించేదంతా పొగ కాదు: వానాకాలంలో ఏసీ నుంచి వచ్చే తెల్లటి ఆవిరికి కమురు వాసన ఉండదు, దాంతో ప్రమాదమూ లేదు.

ఈ మధ్య బెడద పవర్ బ్యాంకులతో. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో బయల్దేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానం తగలబడితే 176 మందీ బయటపడ్డారు. మంట మొదలైంది సామాను అరలో, కారణం పవర్ బ్యాంకేనని అధికారులు అనుమానించారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీలో రన్‌వేకు వెళ్తున్న దిమాపూర్ ఇండిగో విమానంలోనూ ఒక పవర్ బ్యాంకు అంటుకుంది. సిబ్బంది వెంటనే ఆర్పేశారు.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి దుబాయ్, మస్కట్ పోయేవాళ్లు ఏటా వేలల్లో ఉంటారు. తాళ్లు కట్టి లగేజీలో వేసే అట్టపెట్టెలో పవర్ బ్యాంకు పెట్టొద్దు, చేతిసంచీలోనే ఉంచుకోవాలి. ఇంగ్లిష్ రాదని, ఎవరేమనుకుంటారోనని వాసన వచ్చినా ఊరుకునేవాళ్లున్నారు. ఆ మొహమాటం అక్కర్లేదు, ముక్కు చూపించి చెప్పినా సిబ్బందికి అర్థమవుతుంది. దిగమన్నప్పుడు మాత్రం పెట్టె ఎంత ఖరీదైనదైనా వదిలేసి దిగండి.