మంద్రస్వరమునకు వెనుకనున్న పెట్టె

లలితసంగీత బృందములో బాస్ గిటారు వాయించు కళాకారుని శ్రోతలు సాధారణముగా గుర్తింపరు. గాయకుని పేరు అడుగుదురు, వేణువు వాయించినది ఎవరని అడుగుదురు, తబలాను మెచ్చుకొందురు. బాస్ వాయించినది ఎవరని అడుగుచు మాకు ఉత్తరము వచ్చుట మేమెరుగము. కాని ఆ వాద్యము పాట నడుమ ఆగిపోయినచో సంగీతము తెలియనివారికి సైతము ఏదో లోటు తోచును. ఇంటికి పునాది ఎట్టిదో పాటకు మంద్రస్వరము అట్టిది. అది కుంగినప్పుడే అందరి కన్నును దానిమీద పడును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పట్టణములో వినాయక నవరాత్రుల పందిరి నుండి పాటకచ్చేరి రికార్డు చేయుటకై మేము వెళ్లియుంటిమి. మూడవ పాట చరణములో ఉండగా బాస్ స్వరము మొదట బొంగురుపోయినది, పిదప గరగరలాడినది, ఆ పిదప పూర్తిగా ఆగిపోయినది. వేదికపై కాలిన వార్నిషు వాసన వచ్చినది. గాయకుడు పాట ఆపలేదు. తబలా వాయించువారు డగ్గాపై ఎక్కువ బరువు మోపి ఆ లోటును కొంత కప్పినారు. కచ్చేరి ముగిసిన తరువాత బాస్ కళాకారుడు తన స్పీకరు పెట్టె ప్రక్కన కూర్చుండి మాతో, "తీగ తెగితే మార్చుకుంటామండీ. ఈ పెట్టె పోతే ఆ రాత్రికి మేము లేనట్టే" అన్నాడు.

ఆనాటి నుండి ఎందరో వాద్యకులను ఈ విషయమై అడిగి తెలిసికొనుచు వచ్చినాము. ఒక్కొక్కరిది ఒక్కొక్క కథ. అయినను వారి కష్టములన్నియు మూడు తరగతులలో ఇమిడిపోవుచున్నవి: స్వరము చిరిగిపోవుట, పొగ వచ్చుట, ఒంటికి కరెంటు తగులుట. ఈ మూడింటికిని మూలమేమో, వానిలో నిజముగా దేనికి భయపడవలెనో చెప్పుటకే ఈ ప్రసంగము.

మొదట స్వరము సంగతి చూతము. బాస్ గిటారులోని అతి లావైన తీగను మీటినచో అది సెకనుకు సుమారు 41 సారులు కంపించును. సాధారణ గిటారులోని లావు తీగ 82 సారులు కంపించును. అనగా బాస్ దానికన్న ఒక స్థాయి క్రిందనున్నది. ఆ 41 కంపనముల ధ్వనితరంగము గాలిలో 8 మీటర్లకు పైబడిన పొడవు గలది. విసనకర్రను మెల్లగా ఊపినచో గాలి రాదని మనకు తెలియును. మెల్లగానే ఊపుచు గాలి రావలెనన్న విసనకర్ర పెద్దది కావలెను, లేదా ఊపు పెద్దది కావలెను. స్పీకరులోని కాగితపు కోను సంగతియు ఇంతే. ఒక స్వరము ఎంత గట్టిగా వినబడినదో, దానికి ఒక స్థాయి క్రిందనున్న స్వరము అంతే గట్టిగా వినబడవలెనన్న కోను నాలుగు రెట్లు దూరము ముందునకు వెనుకకు కదలవలెను. రెండు స్థాయిలు దిగినచో పదునారు రెట్లు.

మరియొక చిక్కు ఉన్నది. కోను ముందునకు జరిగినపుడు ముందరి గాలి ఒత్తుకొనును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచబడును. ఈ రెండును స్పీకరు అంచు చుట్టు తిరిగి కలిసినచో ఒకదానినొకటి చెరుపుకొనును. పై స్వరములకు ఇది అంతగా బాధింపదు. మంద్రస్వరమును మాత్రము మ్రింగివేయును. కావుననే స్పీకరును పెట్టెలో బిగింతురు. తంబురాకు బుర్ర మ్రోగుటకై ఉన్నది. ఈ పెట్టె మ్రోగకుండుటకై ఉన్నది. అది అదరకుండుటకై దళసరి ప్లైవుడ్డుతో చేసి లోపల అడ్డుకర్రలు బిగించుటచే దానికి అంత బరువు వచ్చును.

"మా ఇంటిలోని చిన్న రేడియోలో బాస్ చక్కగా వినబడుచున్నదే" అని శ్రోతలు అడుగవచ్చును. నిజమునకు అరచేతిలో ఇమిడెడి స్పీకరు 41 కంపనముల స్వరమును దాదాపు పలుకనే పలుకదు. ఆ స్వరముతో పాటు పుట్టెడి 82, 123, 164 కంపనముల పైస్వరములను బట్టి మన చెవి అసలు స్వరమును ఊహించుకొనును. ఇంటిలో ఇది చాలును. వేలమంది కూడిన మైదానములో, డ్రమ్ముల హోరు నడుమ, చెవి చేయు ఈ ఉపకారము చాలదు. అచ్చట గాలిని నిజముగానే కదల్పవలెను.

ఈ చిక్కును ముందుగా ఎదుర్కొన్నవారిలో అమెరికా వాద్యకులున్నారు. అచ్చటి నృత్యబృందములలో మనిషి ఎత్తుండెడి డబుల్ బాస్ అను వాద్యముండెడిది. బూరల మ్రోతలో దాని నాదము వినబడుట కష్టము. ఎవరెట్ హల్ అను డబుల్ బాస్ వాద్యకుడు 1946లో ఆ వాద్యమును నేలకు ఆనించు మేకులో ధ్వనిగ్రాహకమును అమర్చు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినాడు. మేకును ఇంగ్లీషులో పెగ్ అందురు. ఆ మాటను బట్టియే 'ఆంపెగ్' అను పేరు వచ్చినది. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బాస్' అను విద్యుత్ బాస్ గిటారును, మరుసటి సంవత్సరము దానికి జోడుగా 'బాస్‌మన్' అను యాంప్లిఫయరును అమ్మకమునకు తెచ్చినాడు. మొదటి బాస్‌మన్‌లో 15 అంగుళముల స్పీకరు ఒక్కటే. ఆ దశాబ్దము నడుమ దానికి బదులు 10 అంగుళములవి నాలుగు అమర్చి, పెట్టె వెనుక భాగమును తెరచి ఉంచినారు. వెనుక తెరచిన పెట్టె మంద్రస్వరమునకు అనుకూలము కాదు. బాస్ కొరకు పుట్టిన ఆ యాంప్లిఫయరు చివరకు మామూలు గిటారు వాయించువారికి ప్రాణప్రదమైనది. 1962లో లండనులో జిమ్ మార్షల్ దుకాణమువారు తమ మొదటి యాంప్లిఫయరును దాని నమూనా మీదనే చేసినారు.

అటుపిమ్మట శక్తికై పరుగుపందెము మొదలైనది. 1965 ఆగస్టు 15న న్యూయార్కులోని షే స్టేడియములో బీటిల్స్ బృందము 55,000 మందికి పైబడిన జనము ఎదుట వాయించినది. వారి కొరకు 100 వాట్ల యాంప్లిఫయర్లు తెచ్చినారు. జనుల కేకలలో అవి ఏ మూలకును రాలేదు. డ్రమ్ములు వాయించు రింగో స్టార్ తోటివారి కదలికలను చూచి తాళము పట్టుకొనవలసి వచ్చినది. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ద హూ బృందమువారు 12 అంగుళముల స్పీకర్లు ఎనిమిది ఒకే పెట్టెలో కావలెనని మార్షల్‌ను కోరినారు. పెట్టె తయారైనది, మోయువారు మాత్రము మొరపెట్టుకొన్నారు. దానితో పెట్టెను రెండు చేసి ఒకదానిపై ఒకటి నిలిపినారు. ఇప్పటికిని పెద్ద వేదికలపై కనబడు జంట పెట్టెల వరుసకు మూలమిది. 1969లో ఆంపెగ్‌వారు 300 వాట్ల బాస్ యాంప్లిఫయరును వెలువరించినారు. అందులో వాల్వులు 14. స్పీకరు పెట్టె కాక యాంప్లిఫయరు ఒక్కటే 35 కిలోల పైమాట. ఆ కాలపు వాద్యకుల కథలలో నడుము నొప్పి తరచుగా వచ్చుటలో వింత లేదు.

శక్తి పెరిగినకొలది మన మొదటి రెండు కష్టములును పెరిగినవి. స్పీకరు తనలోనికి వచ్చిన విద్యుత్తులో కొన్ని పాళ్లు మాత్రమే ధ్వనిగా మార్చును. తక్కినదంతయు కోను మొదట నున్న సన్నని తీగచుట్టలో వేడిగా మారును. ఆ పందిరిలో మాకు తగిలిన వార్నిషు వాసన ఆ తీగచుట్ట కాలిన వాసనయే. చిన్న యాంప్లిఫయరు పెద్ద స్పీకరును కాల్చజాలదని పలువురు అనుకొందురు. అది పొరపాటు. చిన్నదానిని దాని శక్తికి మించి తిప్పినచో తరంగపు శిఖరములు తెగి చదునగును. అట్లు చదునైన తరంగములో, పేరునకు వ్రాసిన వాట్లకు రెట్టింపు వరకును శక్తి ఉండవచ్చును. బొంగురు వినబడిన తోడనే శబ్దము తగ్గించినవాని పెట్టె బ్రతుకును.

పొగ వచ్చుటకు మరియొక కారణము పెట్టెల జోడింపు. స్పీకరు పెట్టె వెనుక 8 ఓములనియో 4 ఓములనియో వ్రాసియుండును. 8 ఓముల పెట్టెలు రెండింటిని ప్రక్కప్రక్కన కలిపినచో 4 ఓములగును. 4 ఓములవి రెండు కలిపినచో 2 ఓములగును. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరునకు ఓములు తగ్గినకొలది ఎక్కువ కరెంటు ఈయవలసి వచ్చును. తన హద్దు దాటినచో కాలిపోవును. కొన్ని సారులు పోవుచు పోవుచు బ్యాటరీవలె నిలకడ కరెంటును స్పీకరులోనికి వదలి దానినికూడ తీసికొనిపోవును. వాల్వు యాంప్లిఫయరు స్వభావము వేరు. అసలు స్పీకరు తగిలింపకుండ దానిని వాయించినచో లోపలి ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతముగా పెరిగి మాడిపోవచ్చును. ఒకదానికి భారము ఎక్కువైన ముప్పు, రెండవదానికి భారము లేకున్న ముప్పు. అరువు తెచ్చిన పెట్టెతో వేదిక ఎక్కువారు వెనుక వ్రాసిన అంకెను చదువకుండ స్విచ్చి వేయరాదు.

ఇంతవరకు చెప్పినవి డబ్బు నష్టములు, పరువు నష్టములు. మూడవది అట్టిది కాదు.

1965 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నగరమున రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ వాయించుచుండగా అతని గిటారు మైకు స్టాండునకు తగిలినది. అతడు స్పృహతప్పి పడిపోయినాడు. కాళ్లకున్న రబ్బరు అడుగు బూట్లు అతనిని కాపాడినవని చెప్పుదురు. 1972 మే నెలలో వేల్స్ దేశపు స్వాన్సీ పట్టణములో స్టోన్ ద క్రోస్ బృందపు లెస్లీ హార్వే చేతిలో గిటారు ఉండగా ఎర్త్ లేని మైకును తాకినాడు. ప్రేక్షకుల ఎదుటనే ప్రాణము పోయినది. వయస్సు 27 సంవత్సరములు. వీరిద్దరును బాస్ వాద్యకులు కారు. కాని బాస్ వాయించుచు పాడు ప్రతివాడును అట్టి స్థితిలోనే నిలుచుచున్నాడు.

అదెట్లో చెప్పెదము. గిటారు లోహపు తీగలు దాని వైరు గుండ యాంప్లిఫయరు ఇనుప చట్రమునకు కలిసియుండును. మైకు జాలీ మైకుసెట్టువారి యంత్రపు చట్రమునకు కలిసియుండును. రెండు చట్రములును సరియైన ఎర్త్‌కు చేరినచో వాని నడుమ వోల్టేజి ఉండదు. ఒకదాని ఎర్త్ తెగి, లోపల ఒక తీగ ఒరసికొని చట్రమునకు తగిలినచో, ఆ చట్రమున 230 వోల్టులు నిలుచును. ఏమియు తెలియదు, యంత్రము మామూలుగానే పనిచేయును. చేయి తీగలపై నుండగా గాయకుని పెదవి మైకునకు తగిలిన క్షణమున అతని శరీరమే ఆ రెంటికిని నడుమ తీగ యగును. చేయి, గుండె, నోరు ఒకే దారిలో నున్నవి.

60 వాట్ల బల్బు వెలుగుటకు సుమారు 0.26 ఆంపియరు కరెంటు కావలెను. దానిలో సగమైనను లేని కరెంటు గుండె గుండ పోయినచో ప్రాణము తీయగలదు. 5 ఆంపియర్ల ఫ్యూజు దీనిని గుర్తింపనైన గుర్తింపదు. ఫ్యూజు యంత్రమును, తీగలను కాపాడుటకు పెట్టినది; మనిషిని కాపాడుటకు కాదు.

మరి ఎర్త్ ఎందుకు తెగును? చాల తావుల మనుష్యులే తెంచుదురు. రెండు యంత్రములు రెండు చోట్ల ఎర్త్ అయినపుడు స్పీకర్లలో 'గుమ్' అను రొద పుట్టును. రొద పోవుటకై ఎవరో ఒకరు మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్నును తీసివేయుదురు, లేదా లోపలి పచ్చతీగను కత్తిరింతురు. రొద ఆగును. అందరును సంతోషింతురు. ఎలుక దూరినదని ఇంటికి నిప్పు పెట్టినట్లున్నది ఈ వైద్యము. మేము రికార్డింగులకు వెళ్లిన పందిళ్లలో ఇట్టి ప్లగ్గులను కన్నులార చూచినాము. వానను తడిసిన నేలపై, చెప్పులు విడిచి దైవసన్నిధిని పాడు మన కళాకారునికి రబ్బరు అడుగు బూట్ల రక్షణయైనను లేదు.

కావున వేదిక ఎక్కు మిత్రులకు మా మనవి ఇది. వాద్యముల యంత్రములకును మైకుసెట్టునకును కరెంటు ఒకే చోటినుండి, ఒకే ఎర్త్‌తో తీసికొనుడు. ఆ చోట 30 మిల్లీ ఆంపియర్ల లీకు కరెంటుకే తెగిపోవు ఆర్.సి.సి.బి. అను స్విచ్చిని పెట్టింపుడు. రొద వచ్చినచో ప్లగ్గు జోలికి పోక, డి.ఐ. పెట్టె అను చిన్న సాధనముతో గిటారు వైరు దారిలోనే దానిని నివారింపుడు. పాటకు ముందు మైకు జాలీకిని గిటారు తీగలకును టెస్టరు ఆనించి చూడుడు. తీగలు తాకినపుడు సన్నని జిలజిల తోచినను వాయించుట మానుడు. ఎవరైనను కరెంటునకు చిక్కుకొన్నచో వారిని పట్టుకొనక ముందు మెయిను స్విచ్చి ఆపుడు.

ఈ కాలమున యంత్రములు చాల తేలికపడినవి. 500 వాట్ల బాస్ యాంప్లిఫయరు నేడు మూడు కిలోల బరువుతో చేతిసంచిలో పట్టుచున్నది. స్పీకర్లలోని అయస్కాంతములును తేలికైనవి. నడుము నొప్పి కథలు రానురాను తగ్గును. ఎర్త్ తీగ అవసరము మాత్రము 1972లో ఎంత ఉన్నదో నేడును అంతే ఉన్నది.

ఆ నవరాత్రి పందిరిలో పెట్టె కాలిన కళాకారుడు తరువాతి సంవత్సరము వేరొక పెట్టెతో మరల వాయించినాడు. ఆ కచ్చేరికిని మేము వెళ్లినాము. పాట మొదలు కాకముందు అతడు జేబులోనుండి టెస్టరు తీసి గాయకుని మైకును తాకి చూచినాడు. తరువాతనే గిటారు భుజమున వేసికొన్నాడు.